మాటకు కచ్చాకుట్టు

పెళ్లయి పాల్వంచకు వచ్చిన కొత్తలో నేను కూరగాయలు కొనడానికి బయటికి వెళ్లే ముందు తలుపు వెనక నిలబడి రిహార్సల్ చేసుకునేదాన్ని. మా పుట్టిల్లు హైదరాబాద్ పాతబస్తీ. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ, కలల్లో కూడా ఉర్దూయే. తెలుగు నాకు పక్కింటి రేడియోలాంటిది. చెవిన పడేది కానీ నా నోట మోగేది కాదు. అందుకని తోపుడుబండి ఆమె కేక వినపడగానే మనసులో ఒక వాక్యం కూర్చుకుని, లోలోపల రెండుమూడు సార్లు చదువుకుని, తలుపు తీసి అప్పజెప్పేదాన్ని.

"అమ్మా, వంకాయలు కిలో ఎంత? పుచ్చులు లేనివి చూసి అరకిలో ఇవ్వండి."

వాక్యం బాగానే ఉండేది. చిక్కల్లా జవాబుతోనే.

"వంకాయ అయిపోయింది బిడ్డా. బెండకాయ తీస్కుంటవా?"

బెండకాయకు నా దగ్గర వాక్యం లేదు. కాసేపు ఆలోచించి "వంకాయలు కిలో ఎంత?" అని మళ్లీ అడిగేదాన్ని. ఆమె నా వంక, నేను లేని వంకాయల వంక చూస్తూ నిలబడేవాళ్లం. చివరికి ఆమే ఏదో ఒకటి నా సంచిలో వేసి డబ్బులు తీసుకుని పోయేది. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఉడికిన కూరలు నేను ఎంచినవి కావు, ఆమె పంచినవి.

తర్వాత్తర్వాత తెలుగు వచ్చింది. ఎప్పుడు వచ్చిందంటే చెప్పలేను. కిరాయి ఇంట్లో చాలా ఏళ్లు ఉంటే గోడలకు మేకులు కొట్టుకుని, సున్నాలు వేయించుకుని, ఓనరు ఎవరో మరిచిపోతామే, నా తెలుగు అలాంటి ఇల్లు. ఇప్పుడు పత్రికలకు కథలు కూడా పంపుతున్నాను. కిరాయి ఇంట్లో ఉంటూ మిద్దె మీద ఇంకో గది వేసినంత తెగింపు అది.

మాది కుట్టుపని కుటుంబం. మా ఆయన బస్టాండు దగ్గర షాపులో షిఫ్టు డ్యూటీల వాళ్లకు ప్యాంట్లూ చొక్కాలూ కుడతాడు. అడవి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు కుట్టు నేర్పే సెంటరు ఒకటి మా వీధి చివర తెరిచారు, కొన్నేళ్లుగా నేను అందులో టీచర్ని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో కోయ భాష మాట్లాడుకునేవాళ్లు. తెలుగు వాళ్లకూ రెండో భాషే, నాకూ రెండో భాషే. తెలుగు సొంతిల్లయిన మనిషి ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి అందరం కిరాయిదార్లలాగా సర్దుకుపోయేవాళ్లం. వీధి పిల్లలు పిలవడం విని వాళ్లూ నన్ను 'ఆపా' అనేవాళ్లు. ఉర్దూలో అక్క అని అర్థం. నేను ఒకసారి మాట్లాడడం మొదలుపెడితే ఎవరూ ఆపలేరు కాబట్టి ఆ పేరు పెట్టారని మా ఆయన అంటాడు.

ఈ మధ్య బ్యాచ్‌లో ఒక ఊరి నుంచి ఐదారుగురు కలిసి వచ్చారు. వాళ్లకొక సంఘం ఉంది, ఆ సంఘానికి ఒక లీడరు ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. చంకలో ఇంకా మాటలు సరిగ్గా రాని ఆడపిల్ల. అందరూ ఆమెను లీడరమ్మా అనే పిలిచేవాళ్లు, నేనూ అదే పిలిచాను. పక్క మిషన్ల వాళ్లతో ఆమె కోయలో ఏదో అనేది. వాళ్లు నవ్వాపుకోలేక పెడల్ మీద కాలు జారి దారం తెంపేవాళ్లు.

"ఏమన్నావ్ లీడరమ్మా? మాకూ చెప్పొచ్చు కదా."

"ఏం లేదు ఆపా."

తెలుగులో ఆమె మొత్తం ఉపన్యాసం అదే. ఏం లేదు, అవ్, గంతే. ఫోనులో నాకు వాయిస్ మెసేజ్‌లు పంపేది. మొదట కాస్త నిశ్శబ్దం, తర్వాత ఒక నిట్టూర్పు, వెనక కోడి కూత, అటుపైన "ఆపా..." అని ఆగిపోవడం. ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. ఎట్లా చెప్పాలో వెతుక్కునేలోగా వేలు బటన్ మీంచి జారేది. నాకు ఎక్కువగా తెలిసింది వాళ్ల కోడి సంగతే.

శిక్షణ అయిపోయాక వాళ్ల సంఘానికి తొక్కుడు మిషన్లు వచ్చాయి. వాళ్ల ఊళ్లో ఒక ఆశ్రమ పాఠశాల ఉంది. అందులో ఉండి చదువుకునే పిల్లలకు యూనిఫాం బట్టలు ప్రతి ఏడూ ఎవరో కాంట్రాక్టరు పట్నంలో కుట్టించి మూటలుగా పంపేవాడు. ఈసారి ఊరి సంఘాలకు ఇచ్చే ఆలోచన ఉందనీ, సంఘం తరఫున ఒకరు భద్రాచలంలోని గిరిజన సంక్షేమ ఆఫీసుకు వచ్చి పని ఎట్లా చేస్తారో చెప్పాలనీ, పెద్దసారు ప్రశ్నలు అడుగుతాడనీ కబురు వచ్చింది. సంఘంలో అందరూ లీడరమ్మ వైపు చూశారు. లీడరమ్మ బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. వెంట అత్త కూడా వచ్చింది. ఎత్తుగా, సన్నగా ఉన్న మనిషి. పొడుగు గొడుగు ఒకటి చేతిలో.

"ఆపా, పోయినేడు ఏన్కూరు దిక్కు మిరపతోటలకు పోయినం" అంది లీడరమ్మ. ఆమె నోట తెలుగులో నేను విన్న మొదటి పెద్ద మాట అదే. "పిల్లని గట్టు మీద పండబెట్టి కాయ కోసిన. కారం చేతులు. అది ఏడిస్తె ఎత్తుకోరాదు. దాని కండ్లకు తగులుతది. అది ఏడుస్తనే ఉంటది, నేను కోస్తనే ఉంట. ఈ బట్టల పని దొరికితె ఈసారి పోను."

"దొరుకుతుంది" అన్నాను. ఆఫీసు నాదైనట్టు.

ఆ ధీమాతోనే పెన్నూ కాగితం తీశాను. నాకు కొత్తలో తెలుగు మాట్లాడడం కష్టంగా ఉన్నప్పుడు ఏం చేశానో ఆమెకూ అదే చేయించాలని నా ఊహ. ఒక పేజీ ఉపన్యాసం రాశాను. కథలు రాసే మనిషిని కదా, చెయ్యి ఊరుకోదు. 'గౌరవనీయులైన అధికారులకు నమస్సుమాంజలులు' అని మొదలై 'స్వావలంబన దిశగా మా సంఘం వేస్తున్న తొలి అడుగు' మీదుగా 'సదా కృతజ్ఞులమై ఉంటామని' ముగిసింది. ఎక్కడ ఎట్లా పలకాలో కూడా తెలియాలి కదా అని మధ్యమధ్యలో కుండలీకరణాల్లో సూచనలు పెట్టాను. పదో తరగతి చదివింది, చదవగలదు. లీడరు అంటే రీడరు అనుకున్నానన్న మాట.

తర్వాతి ఆదివారం అత్తా కోడళ్లు మా ఇంటికి వచ్చారు. లీడరమ్మ గోడకు ఆనుకుని నిలబడి, సీలింగ్ ఫ్యాన్ వంక చూస్తూ మొదలుపెట్టింది. ఒక్క అక్షరం పోలేదు. నాకు గర్వంగా ఉంది.

"...తొలి అడుగు అని సవినయంగా తెలియజేస్తున్నాము ఇక్కడ కాస్త ఆగాలి మా సభ్యులందరూ శిక్షణ పొందినవారే ఇక్కడ చిరునవ్వు..."

"అది చెప్పొద్దు!" అన్నాను. "అక్కడ నవ్వాలి."

"మరి రాసినవ్ గద ఆపా."

సరే, అవన్నీ కొట్టేశాను. మళ్లీ మొదలుపెట్టింది. సగంలో మా ఆయన చాయ్ గ్లాసుతో గదిలోకి వచ్చి, మామూలుగా, అలవాటు కొద్దీ అడిగాడు. "పోరగాళ్ల లాగులకు బొందు ఏస్తరా, ఎలాస్టిక్ ఏస్తరా?"

లీడరమ్మ ఫ్యాన్ వంక చూసింది. నా వంక చూసింది. కాసేపటికి గొంతు సవరించుకుని, "గౌరవనీయులైన అధికారులకు..." అంది.

దారిలో టైరు పంక్చరైతే బస్సు మళ్లీ డిపో నుంచి బయల్దేరినట్టు, ఎవరు ఏం అడిగినా ఆమె నమస్సుమాంజలుల దగ్గరికి వెళ్లిపోతోంది. లాగుల గురించి ఆమెకు తెలియక కాదు. ఎలాస్టిక్ మీద ఆ సెంటర్లో అందరికంటే గట్టి అభిప్రాయాలు ఆమెవే. కానీ ఆ జవాబుకు కాగితంలో చోటు లేదు. వంకాయల మనిషిని నేనొకర్తినే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మా ఆయన చాయ్ తాగుతూ కాగితం తీసి చదివాడు. ఆయనకు తెలుగు చదవడం కాస్త నెమ్మది. చదివి, మడిచి, నాకు ఇచ్చాడు.

"నువ్వు ఆమెకు నీ కొలతలతోటి జాకెట్ కుట్టినవ్" అన్నాడు. "కుట్టు బాగుంది. చెయ్యి పైకెత్తరాదు, గంతే."

నాకు రోషం వచ్చింది. ఇంత కష్టపడి రాసినదాన్ని ఒక్క మాటతో చించేస్తే ఎవరికైనా వస్తుంది. కాగితం పక్కన పడేసి, "అయితే ఏమీ వద్దు. లీడరమ్మా, నీకు ఏది తోస్తే అది చెప్పు. ఆలోచించకు. చెప్పు" అన్నాను.

"పోరలకు... బట్టలు... కుడతం." ఆగింది. "మంచిగ కుడతం." ఇంకా ఆగింది. ఏదో అనబోయి, దానికి కోయ మాట నాలుక చివరికి వచ్చినట్టుంది, మింగేసి, "గంతే ఆపా" అంది.

అంటే కాగితం ఉంటే మునుగుతోంది, లేకపోతే ఒడ్డు మీదే నిలబడిపోతోంది. ఇన్నేళ్లలో నా దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్లలో రెండు రకాలనూ చూశాను. మధ్యలో ఈదే దారి ఏదో ఉండాలి, నాకు తెలిసింది కుట్టుపనే కానీ ఈత కాదు.

లీడరమ్మ కళ్లు నీళ్లతో నిండాయి. అప్పటిదాకా పిల్లను ఆడిస్తూ కూర్చున్న అత్త, ఉన్నట్టుండి గొడుగుతో నేలను కొట్టి కోయలో గద్దించింది. లీడరమ్మ కూడా తల ఎగరేసి ఏదో అంది. అత్త గొంతు పెంచింది. కోడలు ఇంకా పెంచింది. అత్త చెయ్యి ఊపి 'పో, పో' అన్నట్టు సైగ చేసింది. కోడలు లేచి వంటింటి గుమ్మం దాకా విసవిసా నడిచింది. నేను కంగారుపడి రెండు గ్లాసుల్లో మంచినీళ్లు తెచ్చాను. వాళ్లింట్లో మొదలైన గొడవేదో నా ఇంట్లో ముగిసేలా ఉందని నా భయం.

అత్త కోడలిని వెనక్కి పిలిచింది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

"కొట్లాట కాదు ఆపా" అంది లీడరమ్మ, ఇచ్చిన నీళ్లు తాగుతూ. "సంతకు పోయేటప్పుడు గిట్లనే చేస్తం. చింతపండు, ఇప్పపువ్వు అమ్మేటందుకు పోతం గద, తోవల చెట్టు కింద కూసోని ఒకళ్లు షావుకారు అయితరు. సరుకుకు వంకలు పెడ్తరు. మేము జవాబు చెప్పాలె. మా అత్త షావుకారైతె మస్తు ఏడిపిస్తది. ఆడ అసలు షావుకారు దగ్గర ఇంగ భయమే ఉండదు."

"అది కోయలో చేస్తారు. సంతలో షావుకారుతో తెలుగు కదా?"

"అవ్. కోయల కొట్లాడుకుంటె ఏం చెప్పాల్నో తెలుస్తది. తెలుగు ఆడ ఎట్లనో అట్ల వస్తది."

నేను రెండో నీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చొక్కా కుట్టే ముందు ముక్కలను సూదితో వదులుగా, పెద్దపెద్ద కుట్లతో కలుపుకుంటాం. కచ్చాకుట్టు అంటాం. ఒంటికి వేసి చూసి, బిగుతైన చోట విప్పి, వదులైన చోట లాగి, ఆ తర్వాతే మిషన్ మీదికి. మిషన్ కుట్టు పడ్డాక ఆ దారం తీసి పారేస్తాం. అది కనపడడానికి వేసింది కాదు. నేను ఆమెకు నేరుగా మిషన్ కుట్టు వేసిచ్చాను, అదీ మూడు వరసలు. ఈ అత్తాకోడళ్లు చెట్టు కింద చేసేది కచ్చాకుట్టు. ఏ మాట అనాలో కాదు, ఏ సంగతి చెప్పాలో, ఎదుటి మనిషి ఎక్కడ పట్టుకుంటాడో చూసుకోవడం.

"అయితే అత్తమ్మా, మీరు పెద్దసారు అవ్వండి" అన్నాను.

అత్తకు రెండోసారి చెప్పనక్కర్లేదు. మా ఆయన కళ్లజోడు అడిగి పెట్టుకుంది. గుడ్డ కత్తిరించే బల్ల వెనక కుర్చీలో కూర్చుని, టేపు మెడలో వేసుకుని, కోడలిని కోయలో వాయించడం మొదలుపెట్టింది. నాకు అర్థం కావాలని ఒక్కో ప్రశ్నా తెలుగులో కూడా విసిరేది.

"కరెంటు పోతె ఏం చేస్తరు?"

"పోరడు మూడు నెలలకు ఎదుగుతడు, లాగు పొట్టిగయితది. అప్పుడేంది?"

"మీరంత కూలికి పోతె మిషన్లు నేను తొక్కాల్నా?"

కోయలో ఒక దఫా అయ్యాక, నా వంతుగా నేనొకటి చేర్చాను. అదే కొట్లాట ఇప్పుడు తెలుగులో, కాగితం లేకుండా. లీడరమ్మకు మొదట మాటలు దొరకలేదు. 'గది', 'గిది' అని చేతులతో చూపించింది. దొరకని మాట దగ్గర నేను అందించాను. నేను అందించినవాటిలో 'కొలతలు', 'నమూనా' ఆమె ఉంచుకుంది. 'స్వావలంబన'ను నేనే తిరిగి తీసుకోవాల్సి వచ్చింది. అది మా ఇంట్లో కూడా ఎవరికీ సైజు సరిపోలేదు. సాయంత్రానికి ఒకే సంగతిని ఆమె ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పగలుగుతోంది. వాక్యాలు వంకరటింకరగా వచ్చాయి కానీ ఆగలేదు. చివర్లో అత్త, "సగం పనే ఇస్త, ఇష్టమైతె చెయ్యి" అనగానే లీడరమ్మ గుమ్మం దాకా విసవిసా నడవడం, అత్త వెనక్కి పిలవడం మళ్లీ జరిగింది. నేను కడుపుబ్బా నవ్వాను. ఆఫీసులో ఇది పనికిరాదని చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. అది ఆటలో భాగమే కదా అనుకున్నాను.

ఆఫీసుకు వెళ్లే రోజు నేనూ తోడు వెళ్లాను. సారపాక దాటుతుంటే కాగితపు మిల్లు వాసన బస్సులోకి కొట్టింది. లోకానికంతటికీ కాగితం తయారు చేసే ఊరి మీదుగా పోతూ, రాసిన ఒక్క కాగితాన్ని ఇంట్లో వదిలేసి వచ్చామే అని నాకు ఒకటే పీకులాట. గోదావరి వంతెన మీద లీడరమ్మ పిల్లకు నీళ్లు చూపిస్తోంది. ఆమెకు నాకంటే ధైర్యంగా ఉన్నట్టుంది.

ఆఫీసు గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. బల్ల వెనక పెద్దసారు. కొత్తగా ఈ వైపు వచ్చినవాడు, మాట మర్యాదగా, పుస్తకంలోలా ఉంది. పక్కన వాళ్ల ఊరి ఆశ్రమ పాఠశాల హెడ్‌మాస్టరు. లీడరమ్మ కుర్చీలో ముందుకు కూర్చుంది. అత్త పిల్లను ఒళ్లో పెట్టుకుంది. నేను వెనక గోడ దగ్గర.

"చెప్పమ్మా, మీరు ఈ పని ఎలా చేస్తారు?"

"సారూ, పట్నం బట్టలు ఒక్కటే కొలతల మీద వస్తయి" అంది లీడరమ్మ. "పోరలు ఒక్క తీరుగ ఉండరు. ఒకడు బొద్దుగ, ఒకడు... గిట్ల." చూపుడువేలు నిలబెట్టి చూపించింది. "మేము బడికి పోయి ఒక్కొక్కరిని కొలుస్తం. మా పిల్లలే గద. లాగుకు, గౌనుకు కింద లోపల బట్ట ఇడిసి మడుస్తం. పోరడు ఎదిగితె మడత ఇప్పుతం. ఊళ్లనే ఉంటం, గుండీ ఊడితె ఆనాడే కుడతం."

హెడ్‌మాస్టరు తల ఊపాడు. పెద్దసారు రాసుకుంటూ అడిగాడు.

"మధ్యలో మీ వాళ్లు కొందరు వేరే పనికి వెళ్లిపోతే?"

"పనుంటె ఎందుకు పోతరు సారూ? పని లేకనే పోతున్నం."

ఆ జవాబు అత్తతో జరిగిన కొట్లాటలో లేదు. నేను అందించలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించి చేతులు కొంగులో దాచుకున్నాను.

పెద్దసారు పెన్ను పక్కన పెట్టాడు. "బాగా చెప్పావమ్మా. అయితే మీకు ఇది మొదటిసారి. ఈ ఏడాది సగం మీరు చేయండి, అమ్మాయిల దుస్తులు. అబ్బాయిలవి పాత కాంట్రాక్టరే కుడతాడు. వచ్చే ఏడు చూద్దాం."

నాకైతే అదే పదివేలు. నమస్కారం పెట్టేద్దామని చేతులు ఎత్తబోతున్నాను. లీడరమ్మ అత్త వంక చూసింది. అత్త కోడలి వంక చూసింది.

"కిట్టదు సారూ" అంది లీడరమ్మ. "పోతం."

ఇద్దరూ లేచారు. పిల్లను ఎత్తుకుని, అటూ ఇటూ చూడకుండా విసవిసా గది దాటి వెళ్లిపోయారు. నా చేతులు నమస్కారానికి సగం దూరంలో గాలిలోనే ఉండిపోయాయి.

సంతలో అది మొరటుతనం కాదు, మర్యాదే. బేరం ఇంకా బతికే ఉందని చెప్పే పద్ధతి. కానీ ఈ సారుకు ఆ సంగతి ఏం తెలుసు? ఆయన పిలవలేదు. నోరు తెరిచి తలుపు వైపు చూస్తున్నాడు. బయట అత్తాకోడళ్లు చెప్పులు వేసుకుంటున్నారు. చెప్పులు వేసుకోవడానికి అంత సేపు ఎవరికీ పట్టదు. లీడరమ్మ వంగి, పట్టీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ, తలుపు సందులోంచి నన్ను చూసింది. మిరపతోట మొత్తం ఆ చూపులో ఉంది.

"ఏమైందండీ? కోపం వచ్చిందా వాళ్లకు?" పెద్దసారు నన్ను అడిగాడు.

నన్ను అడుగుతారని నేను అనుకోలేదు. కచ్చాకుట్టు కాదు కదా, నా దగ్గర సూదిలో దారం కూడా లేదు. ఇన్నేళ్లు నేర్చుకున్న తెలుగంతా ఒక్కసారిగా ఇల్లు ఖాళీ చేసి పోయింది.

"సార్, వాళ్లు పోతలేరు సార్" అన్నాను. "పోతున్నట్టు... పోతున్నరు. మీరు పిలిస్తే వస్తరు. పిలవకపోతే... అప్పుడు కూడా పోరు. అంటే, పోవాలని పోవడం కాదు సార్, ఉండాలని పోవడం."

పెద్దసారు నన్నూ తలుపునూ మార్చి మార్చి చూశాడు. హెడ్‌మాస్టరు అప్పటికే రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"సార్, ఇది సంత బేరం" అన్నాడు నవ్వు ఆగాక. "మీది ఆఖరి మాట కాదని వాళ్లకు నమ్మకం. గౌరవం కిందే లెక్క. పిలవండి."

పెద్దసారుకు నవ్వొచ్చింది. లేచి స్వయంగా తలుపు దాకా వెళ్లాడు.

"అమ్మా, ఆగండి! రండి, మాట్లాడుకుందాం."

అత్త వెనక్కి తిరగకుండానే గట్టిగా అడిగింది. "ఏమిస్తవో ముందుగాల చెప్పు!"

"మొత్తం ఇస్తాను. కానీ ముందు అబ్బాయిది ఒక జత, అమ్మాయిది ఒక జత నమూనా కుట్టి తీసుకురండి. హెడ్‌మాస్టరు గారు చూస్తారు. బాగుంటేనే మిగతావి."

లీడరమ్మ తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నమూనా తెస్తం సారూ" అంది. ఆ ఒక్క మాటా స్పష్టంగా పలికింది. ఆ తర్వాత ఎక్కడ నవ్వాలో ఎవరూ చెప్పకుండానే నవ్వింది.

ఆఫీసు మెట్లు దిగాక మాత్రం ఆమె అరుగు మీద కూలబడింది. "ఆపా, సారు పిలవకపోతె ఏమయ్యేది?"

నాకూ అదే అనుమానం. అత్త మాత్రం నిదానంగా పిల్ల ముక్కు తుడిచింది.

"పిలవకుంటె మల్ల మనమే పోయేటోళ్లం. గొడుగు ఆడనే ఇడిసిన గద" అని, నన్ను చూసి, "టీచరమ్మా, జర పోయి తేరాదు" అంది.

నేను మళ్లీ పైకి వెళ్లి, కుర్చీ వెనక నీటుగా ఆనించి పెట్టిన గొడుగు తెచ్చాను. పెద్దసారు తల ఎత్తి చూసి ఏమీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మెట్లెక్కుతూ సిద్ధం చేసుకునే వెళ్లాను, అది వృథా అయింది.

నమూనా జతలు హెడ్‌మాస్టరుకు నచ్చాయి. అబ్బాయి చొక్కాకు కాలర్ మొదటిసారి కొంచెం వంకర పోతే విప్పి మళ్లీ కుట్టారు. ఆర్డరు కాగితం వచ్చిన రోజు లీడరమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. అందులో కోడి కూతే లేదు. ఆమె ఆపకుండా మాట్లాడుతుంటే కోడికి సందు దొరకలేదేమో.

మిరపకోతలు మొదలైన వారంలో నేను వాళ్ల ఊరు వెళ్లాను. లీడరమ్మ ఇంటి ముందు రేకుల పందిరి కింద మిషన్లు వరసగా టకటకలాడుతున్నాయి. బడి పిల్లలు కొందరు కొలతలకు వచ్చి నిలబడ్డారు. పొడుగ్గా కనపడాలని మునివేళ్ల మీద లేస్తున్న ఒకడిని అత్త గొడుగు కొసతో కిందికి దించుతోంది. అంతలో కూలీలను తీసుకుపోయే ట్రాలీ ఆటో వచ్చి ఆగి హారన్ కొట్టింది. మేస్త్రి ముందు సీట్లోంచి తల బయటపెట్టాడు.

"ఏం లీడరమ్మా, ఎక్కవా? తోటల కాయ పండి రాలుతున్నది."

"ఈ ఏడు రాను మేస్త్రీ. లాగులున్నయ్."

"పోయినేటికన్న ఎక్కువ ఇస్తనంటున్న."

"ఎక్కువుంటె కొత్త అంగీ కొనుక్కో. చంకల చినిగింది, ఊరంత కనబడ్తున్నది."

ట్రాలీ నిండా ఉన్న ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. మేస్త్రి చెయ్యెత్తి చంక చూసుకున్నాడు. నిజమే. దిగొచ్చి, అంగీ విప్పి మిషన్ మీద పడేశాడు. "గట్లయితె నువ్వే కుట్టు. పొద్దుమీకి మల్లొచ్చి తీస్కుంట" అని, బనీను మీదనే బండెక్కి పోయాడు.

లీడరమ్మ అంగీ తిప్పి చూసి, చినిగిన చోట సూదితో పెద్దపెద్ద కుట్లు వేయడం మొదలుపెట్టింది. అత్తకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"బేరమాడకుండ తీస్కుంటివేంది పిల్లా!" అని, వెళ్లిపోతున్న ఆటో వెనక గొడుగు ఊపుకుంటూ పరిగెత్తింది.